దిగాలుగా ఉండినాడు

ఆమె పేరు నాకు ఫ్లెక్సీ బోర్డు చూశాకే తెలిసింది. తిరుత్తణి స్టేషన్ నుంచి మా వీధికి మలుపు తిరిగే చోట, టీకొట్టు పక్కన, రెండు బొంగులకు కట్టారు. పైన తమిళంలో కన్నీటి అంజలి అని పెద్ద అక్షరాలు. వెనకాల నీలం ఆకాశం, చుట్టూ గులాబీలు, మధ్యలో ఆమె. ఎవరో కంప్యూటర్‌లో ముఖాన్ని తెల్లగా చేశారు, కళ్ళద్దాలు తీసేశారు. కింద పేరు, దాని కింద పోయిన తేదీ. లెక్క చూస్తే అప్పటికే తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ పొద్దున రైలుకు పరుగెత్తుతూ, సాయంత్రం రైలు దిగి వస్తూ నేను ఆ మలుపులోనే నడిచాను. తల ఎత్తి చూడలేదు.

చంకలో ఉన్న మావాడికి చూపించి ‘ఎవరు నానా?’ అన్నాను. వాడికి రెండున్నరేళ్ళు. బోర్డు మీది గులాబీలను చూసి ‘పువ్వు’ అన్నాడు.

ఆ పేరు ఇక్కడ రాయను. ఆ పేరుతో నాకు ఆమె తెలియదు. పిల్లలకూ, పిల్లల్ని ఆమె దగ్గర వదిలి పనికి పోయే తల్లులకూ ఆమె అవ్వ. అంతే.

మావాడికి తొమ్మిది నెలలప్పుడు నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాను. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసు. మా ఆయన ఆత్తిపట్టులో కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని, వారానికి ఒకసారి వస్తాడు. మా అమ్మ వెంగల్‌లో వరి మడి వదిలి రాలేదు. స్టేషన్ వెనక వీధిలో ఒకామె పిల్లల్ని చూసుకుంటుందని చెబితే పోయాను. రేకుల వసారా, సిమెంటు నేల, తలుపు మీద శిలువ బొమ్మ, దూలానికి చీరతో కట్టిన ఉయ్యాల. ఐదారుగురు పిల్లలు. ఆమె మావాడి గడ్డాన్ని రెండు వేళ్ళతో పట్టి, వంకాయను తిప్పి చూసినట్టు ముఖాన్ని వెలుగు వైపు తిప్పి, అప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆ కళ్ళద్దాలు పిల్లల్ని చూసేదానికే. రేషన్ కార్డు చదవాలంటే పక్కింటివాళ్ళను పిలిచేది.

‘సరి, వదిలి పో. రైలు పోతాది,’ అంది.

సాయంత్రం పిల్లవాణ్ణి తీసుకుపోయేటప్పుడు ఆమె వీధి మలుపు దాకా వచ్చేది. సీసా, గుడ్డలు, చెప్పులు ఒక్కొక్కటే అందించేది. మొదటి రోజు నేను అడిగాను.

‘ఎట్ల ఉండినాడు అవ్వా?’

‘రాజా మాదిరి ఉండినాడు. పాలు తాగినాడు, అన్నం తిన్నాడు, ఆ చిన్నపాప చెయ్యి కొరికినాడు.’

‘అయ్యో, కొరికినాడా!’

‘కొరకనీ మే. పండ్లు వచ్చినాక కొరక్కుండా పూజ చేస్తారా?’

నవ్వుకుంటూ నాలుగడుగులు వేశాను. అప్పుడు వెనక నుంచి వచ్చింది మాట.

‘మధ్యాన్నం మాత్రం రవంత దిగాలుగా ఉండినాడు.’

తిరిగి చూసేసరికి ఆమె వెళ్ళిపోతూ ఉంది. అదే ఆమె పద్ధతి. అసలు మాట నేను వీపు తిప్పాకే వచ్చేది.

దిగాలు అనే మాట నేను వినని మాట కాదు. మా ఇంట్లో మా అమ్మ, మా అమ్మమ్మ అందరూ అనేవాళ్ళే. కానీ నేను చదివింది తమిళం. తెలుగు అక్షరాలు కాలేజీకి వచ్చాక కూడబలుక్కొని నేర్చుకున్నాను. మాట చెవికి తెలుసు, నా బిడ్డకు అంటగడితే దాని అర్థం ఏమిటో తెలియలేదు. ఇంటికి పోగానే మా అమ్మకు ఫోన్ చేశాను.

‘మా, దిగాలంటే ఏంది?’

‘దిగాలంటే దిగాలే. దానికి అర్థమేంది?’

‘అంటే ఏడుపా?’

‘ఏడుపైతే ఏడుపంటారు.’

‘జబ్బా?’

‘యాడన్నా జబ్బుని దిగాలంటారా? అంత చదివించినాడు మీ నాయన. బిడ్డకి జ్వరమేమన్నా ఉండాదా?’

‘లేదు.’

‘అయితే ఫోను పెట్టి అన్నం తిను పో.’

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి తమిళంలో చెప్పబోతే సోగమా, అంటే దుఃఖమా, అని అడిగింది. కాదేమో అన్నాను. కోపమా? కాదు. అలసటా? అదీ కాదు. ‘మరి ఏది కాదో అంతా తెలుసు కదా నీకు’ అని నవ్వింది.

అవ్వ ఆ మాటను బిడ్డలకే కాదు, కంటికి కనిపించిన అన్నిటికీ వాడేది. దోసెల పిండి పొంగకపోతే పిండి దిగాలుగా ఉంది. గోడగడియారం బ్యాటరీ మార్చినా నిదానంగా నడిస్తే అది దిగాలు. పెరట్లో కరివేపాకు మొక్క నీళ్ళు పోసినా, ఎరువు వేసినా చిగురు వేయక నిలబడి ఉంటే, ‘దీనికి ఏం తక్కువని ఇంత దిగాలు?’ అని దానితోనే మాట్లాడేది. ఆమె ప్రకారం ఒక వీధికుక్కకు ఎప్పుడూ దిగాలే. దానికి మిగిలిన ఇడ్లీ వేసి, అది తిన్నాక, ‘తినేసింది. అయినా చూడు’ అని నాకు చూపించేది.

ఆమె మాట ఆమెకే ఇచ్చి మెప్పు పొందుదామని ఒకసారి ప్రయత్నించాను. ముసురు పట్టిన రోజు. రైలు గంట ఆలస్యంగా వచ్చింది, తడిసి పోయాను.

‘ఈ పొద్దు ఆకాశమే దిగాలుగా ఉండాది కదవ్వా,’ అన్నాను.

ఆమె తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చి నవ్వింది. ‘మోడానికేం దిగాలు మే? దాని పని అది చేసుకుంటా ఉండాది. కురిసేసి పోతాది.’

‘మరి పక్కింటి అక్క? వాళ్ళాయన పోయినప్పటి నుంచి వాకిట్లోనే కూర్చోనుంటుంది.’

‘ఆయమ్మది దుక్కం. ఎందుకో తెలిసినాక అది దిగాలు గాదు.’

నాకు ఇది తేలిక కాలేదు, బరువైంది. ఎందుకో తెలియనిది నా బిడ్డకు ఎందుకు ఉండాలి? వాడికి కారణం లేకపోతే నేనే కారణమై ఉండాలి. పొద్దున ఏడుగంటలకు వాణ్ణి వదిలి రైలెక్కే అమ్మ కంటే పెద్ద కారణం ఏముంటుంది? ఈ లెక్క నాకు సులువుగా తోచింది. అయినా ప్రతి సాయంత్రం అడగకుండా ఉండలేకపోయేదాన్ని. ఆమె చెప్పకుండా ఉండేది కాదు. ఒకరోజు రవంత, ఒకరోజు బాగానే, ఒకరోజు ‘ఈ పొద్దు లేదు, పో’ అని. అది విన్నరోజు నేను వీధంతా ఎగురుకుంటూ పోయేదాన్ని.

వాడికి ఏడాదిన్నర దాటాక తిరువళ్ళూరులో డాక్టరుకు చూపించాను. జలుబుకని పోయి, ఈ మాట కూడా చెప్పాను. డాక్టరు తమిళాయన. ‘డల్లా ఇరుక్కానా?’ అన్నాడు, డల్‌గా ఉన్నాడా అని. మా వైపు ఆ మాట అందరి నోట్లోనూ ఉంటుంది. బల్బు డల్, వ్యాపారం డల్, చీర రంగు డల్, పిల్లవాడు డల్. అవునన్నాను. ఆయన రెప్ప ఎత్తి చూశాడు, గుండె విన్నాడు, బరువు చూశాడు. అన్నీ బాగున్నాయి. చీటీ రాస్తూ, ‘చూసుకునే ఆమె బిడ్డ నిద్రపోయేదానికి ఏమైనా మందు పోస్తుందా?’ అని మామూలుగా అడిగాడు. అందరినీ అడిగే ప్రశ్నే అయి ఉంటుంది. నేను లేదన్నాను. రైలెక్కేసరికి ఆ ‘లేదు’ మీద నాకే నమ్మకం లేకుండా పోయింది.

మరునాడు అవ్వతో అన్నాను. ‘డాక్టరు డల్లా అని అడిగినాడవ్వా.’

‘డల్లుకీ దీనికీ యాడ సంబంధం? డల్లంటే బిడ్డలో సత్తువ లేనట్ట. వీడికి సత్తువకేం? నిన్న చెంబుతో నా కాలి మీద కొట్టినాడు, చూడు.’ కాలి వేలు చూపించింది. నిజంగానే నల్లగా కమిలి ఉంది.

నేను వేలు చూడలేదు. వసారాలో అలమర మీద ఉన్న సీసాలను చూస్తున్నాను. కొబ్బరినూనె, గ్రైప్ వాటర్, తేనె, మూత లేని ఇంకొకటి.

ఆ వారంలోనే ఒకరోజు కాలేజీకి సగం పూట సెలవిచ్చారు. మధ్యాహ్నం రైలుకు వచ్చేశాను. చెప్పకుండా పోవాలని ముందే అనుకోలేదు. కానీ గేటు చప్పుడు కాకుండా తీశాను. అంటే అనుకున్నాననే కదా.

లోపల పిల్లలంతా చాప మీద వరుసగా నిద్రపోతున్నారు. మావాడు లేడు. పెరటి గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. కాళ్ళు చాపి, రెండు చేతులూ ఒళ్ళో వేసుకొని, పెరట్లోకి చూస్తున్నాడు. పెరట్లో చూసేదానికి ఏమీ లేదు. ఆ కరివేపాకు మొక్క, బట్టలు ఉతికే బండ, బోర్లించిన బకెట్. వాడు వాటినీ చూడటం లేదు. ఏడవడం లేదు, ఆడుకోవడం లేదు. పెన్షన్ ఆఫీసు బెంచీ మీద పిలుపు కోసం కూర్చున్న ముసలాయనలా ఉన్నాడు. వాడికి నాలుగు బారల దూరంలో అవ్వ, వీపు వాడి వైపు తిప్పి, చాటలో అనపకాయలు ఒలుస్తోంది.

‘నానా,’ అన్నాను.

వాడు తిరిగి చూశాడు. చూశాడంతే. లేచి నా దగ్గరికి రావడానికి కొంచెంసేపు పట్టింది. ఎంతసేపో చెప్పలేను. నాకు మాత్రం ఆ కొంచెంసేపులోనే డాక్టరు అడిగిన మాట గుర్తొచ్చింది.

‘ఏం పోసినావు వాడికి?’ అన్నాను అవ్వతో.

‘పోసేదేంది? పప్పన్నం పెట్టినా. ఏం పాపా, తొందరగా వచ్చేసినావు?’

‘అది కాదు. నిద్రకి ఏం పోసినావు?’

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ‘ఏం అడగతా ఉండావో తెలిసే అడగతా ఉండావా?’

‘బిడ్డ అట్ల కూర్చోనుంటే వీపు తిప్పుకోని కూర్చుంటావా? ఎత్తుకోకూడదా?’

‘దిగాలు వచ్చినప్పుడు ఎత్తకూడదు మే. ఎదురుగా కూడా కూర్చోకూడదు. పక్కన మనిషి ఉండాదని తెలిస్తే చాలు. దానంతట అదే వస్తాది, దానంతట అదే పోతాది.’

‘ఎవరు చెప్పినారు నీకు?’

‘ఎవురు చెప్పాల? ఇన్నేండ్లుగా ఈ బిడ్డలే చెప్పినారు.’

నాకు వినే ఓపిక లేదు. సీసా, గుడ్డలు, వాడి దుప్పటి అన్నీ సంచిలో కుక్కాను. ఉయ్యాలకు ఇప్పుడు కట్టి ఉన్న చీర నేను ఇచ్చిందే. అది విప్పుకోవాలంటే అందులో నిద్రపోతున్న ఇంకొకరి బిడ్డను లేపాలి. వదిలేశాను. అవ్వ చాట పక్కన పెట్టి లేచింది. ఎప్పటిలాగే మలుపు దాకా వచ్చింది. నేను తిరిగి నాలుగడుగులు వేశాను. ఐదు, ఆరు. ఆ రోజు వెనక నుంచి మాట రాలేదు.

తరువాత వాణ్ణి నాతోపాటే రైల్లో తీసుకుపోయి తిరువళ్ళూరులో ప్లే స్కూల్‌లో చేర్చాను. రంగురంగుల గోడలు, కెమెరా, యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు. రోజూ సాయంత్రం ఫోన్‌కు ఒక ఫొటో వస్తుంది, కింద ‘హ్యాపీ బేబీ’ అని. తలకు కాగితం కిరీటం పెట్టుకొని ఒకరోజు, చేతులకు రంగు పూసుకొని ఒకరోజు. నాకు ప్రాణం కుదుటపడింది. మూడు నెలలు, నాలుగు నెలలు. ఆ తరువాత ఆ ఫొటోలు చూస్తుంటే నాకు ఏదో చాలడం లేదనిపించేది. ‘ఈరోజు ఎలా ఉన్నాడు?’ అని అడిగితే ‘సూపర్ మేడమ్’. కొంచెం కూడా ముఖం మాడ్చుకోలేదా? ‘చీచీ, లేదు మేడమ్.’ పది నెలల్లో ఒక్కసారి కూడా వేరే మాట లేదు. ఏ మనిషికైనా పది నెలలు ఒకే మాట సరిపోతుందా?

మధ్యలో ఒకసారి కూరగాయల కొట్టు దగ్గర అవ్వ ఎదురైంది. నన్ను పలకరించలేదు. వాడి గడ్డం పట్టి వెలుగుకు తిప్పి, కళ్ళద్దాలు పెట్టుకొని చూసింది. ఏమంటుందోనని నేను నిలబడ్డాను. ‘పెరిగినాడు,’ అంది, వాడితోనే. వెళ్ళిపోయింది. వెంట పోయి అడిగి ఉండవచ్చు. తప్పైపోయింది అవ్వా అని అని ఉండవచ్చు. రెండు టమాటాలు ఎక్కువ తూయించుకొని ఇంటికి వచ్చాను.

అందుకే బోర్డు చూశాక వచ్చిన ఆదివారం అవ్వ ఇంట్లో ఆదరణ కూడిక, పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ప్రార్థన, ఉందని తెలిసి వాణ్ణి ఎత్తుకొని పోయాను. అప్పటికి నా మనసులో ఒక మాట తయారై ఉంది. అందరూ బాగుందని చెప్పే లోకంలో అవ్వ ఒక్కతే నిజం చెప్పింది, నేను ఆ నిజానికి భయపడి ఆమెను అవమానించాను. ఇది కష్టమైన మాటే అయినా చక్కగా కుదిరిన మాట. ఆమె కూతురు తిరునిన్రవూరు నుంచి వచ్చి ఉంది. ఆమెకు చెప్పి క్షమాపణ అడగాలనుకున్నాను.

పాస్టరు ప్రార్థన అయింది, పాట అయింది, కాఫీ ఇచ్చారు. పక్క కుర్చీలో కంపెనీ బస్సులో పోయే ఒక అక్క. ఇద్దరు బిడ్డల్నీ అవ్వ దగ్గరే పెంచింది.

‘అవ్వ మాదిరి ఉండేది ఉండినట్టు చెప్పేవాళ్ళు ఎవరుండారక్కా?’ అన్నాను. ‘బిడ్డ దిగాలుగా ఉంటే దిగాలుగా ఉండినాడనే చెప్పేది.’

‘ఎవరు, అవ్వా?’ ఆమె కాఫీ కింద పెట్టింది. ‘మాకెప్పుడూ అట్ల చెప్పలేదే! నాలుగేండ్లు. ఎప్పుడడిగినా రాజా మాదిరి ఉండినాడు, రాణి మాదిరి ఉండింది. మావోడు మెట్ల మీద పడి గడ్డం పగలగొట్టుకుంటే, రాజా మాదిరి పడినాడనింది.’

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఇంకో ఇద్దరు తల్లులు. వాళ్ళకూ అంతే. దిగాలు అన్న మాట ఒక్కరు కూడా వినలేదు. కూతురు ఏడుపు ముఖంతోనే నవ్వి, నా వైపు తిరిగింది.

‘మా అమ్మ అట్లాంటివి తల్లుల దగ్గర చెప్పదక్కా. పనికి పోయే ఆడోళ్ళు, తెలుసుకోని ఏం చేస్తారు, కవల పడతారు, బెంగ పెట్టుకుంటారు అంతే కదా అంటుంది. నీకు చెప్పిందా?’

‘దినామూ చెప్పింది.’

‘ఎందుకో మరి,’ అంది. మావాడు కుర్చీల కింద దూరి ఖాళీ కాఫీ కప్పులు ఏరి ఒకదాంట్లో ఒకటి పెడుతున్నాడు. ఆమె వాణ్ణి కాసేపు చూసి, ‘బాగుండాడే,’ అంది.

క్షమాపణ అడగలేదు. దేనికి అడగాలో తెలియలేదు.

నాకే ఎందుకు చెప్పింది? చదువుకున్నదాన్ని, తట్టుకుంటానని అనుకుందా? అయితే నేను తట్టుకోలేదు. అందరికంటే ఎక్కువగా అడిగి విసిగించానా? కావచ్చు, కానీ అడిగినవాళ్ళందరికీ రాజా మాదిరే అని చెప్పింది కదా. ఉద్యోగం మానుకోమని సూచనా? అలాగైతే నన్ను రైలుకు ఆలస్యమైందని గేటు దాకా తరిమి ఉండదు. ఇవన్నీ తోసేస్తే ఒకటి మిగులుతుంది. దాన్ని తలుచుకోవడానికే నాకు భయం. ఇన్నేళ్ళలో, ఇంతమంది బిడ్డల్లో, తల్లికి చెప్పి తీరవలసినంతగా ఆమెకు కనిపించింది మావాడు ఒక్కడేనేమో.

బుధవారం సెలవు పెట్టాను. వాడికి జ్వరం లేదు, నాకూ లేదు. పనిరోజున పగలంతా వాడు ఎలా ఉంటాడో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆదివారాల్లో నాన్న ఉంటాడు, ఇల్లంతా సందడి. అందుకని ఫోన్ మూలన పెట్టి, ఎక్కడికీ పోకుండా, వాడితోనే ఉన్నాను. పొద్దున రాగిజావ నేలకు పూశాడు. పప్పు డబ్బా వంపాడు. స్నానంలో పాట పాడాడు. అన్నం తిన్నాడు, నిద్రపోలేదు. నేను వాడి పక్కనే నేల మీద కూర్చొని బట్టలు మడుస్తున్నాను.

ఉన్నట్టుండి చేతిలో బొమ్మ కింద పెట్టి లేచాడు. వాకిటి గుమ్మం దగ్గరికి పోయి కూర్చున్నాడు. కాళ్ళు చాపి, చేతులు ఒళ్ళో వేసుకొని.

నేను ఇంట్లోనే ఉన్నాను. తిరువళ్ళూరులో కాదు. చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఇన్ని రోజులు ఇది నా రైలు వల్ల వచ్చిందనుకున్నాను. రైలు లేకపోయినా వచ్చింది. మొదట నాకు కలిగింది సంతోషమే, దాచను. నా వల్ల కాదు. ఆ వెంటనే ఇంకొకటి తోచింది. నా వల్ల కాకపోతే, నేను ఏం మానుకుంటే ఇది పోతుంది?

ఉండలేకపోయాను. పోయి ఎత్తుకున్నాను. వాడు తోయలేదు, అల్లుకోలేదు. నా భుజం మీదుగా ఎటో చూస్తున్నాడు.

‘ఏం నానా? బిస్కట్టు కావాలా? నాయనకి ఫోను చేద్దామా? బస్సు చూద్దామా? ఏం కావాల చెప్పు.’

‘దించు,’ అన్నాడు.

దించాను. వాడు పోయి మళ్ళీ అక్కడే కూర్చున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన, టీ బ్రేక్‌లో ఉన్నట్టున్నాడు.

‘ఏం చేస్తా ఉండాడు?’

‘గుమ్మంలో కూర్చోనుండాడు.’

‘ఎందుకు?’

‘ఊరికే.’

‘ఊరికే ఎందుకు కూర్చుంటాడు? జ్వరమా? నువ్వేమన్నా తిట్టినావా?’

‘లేదు.’

‘ఎవరన్నా ఏమన్నా చేసినారా? మరి ఎందుకు?’

‘నాకు తెలీదు,’ అన్నాను. ‘నువ్వు ఆదివారం వచ్చినప్పుడు వాడి పక్కనే ఉండి చూడు. నీ దగ్గర కూడా ఇట్లనే కూర్చుంటాడేమో.’

ఫోన్‌లో ప్లాంటు హోరు వినిపిస్తూనే ఉంది. పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు. నేనూ పెట్టలేదు. వాడు ఇంకా లేవలేదు.